బోర్లించిన స్కానర్

ఇచ్చోడ బస్టాండులో కరీంనగర్ బస్సు కోసం చూసి చూసి నడుము పట్టేసింది. పక్కన ఒకామె సీతాఫలాల గంపతో కూర్చుంది. గంపలో నాలుగే పండ్లున్నాయి. స్కానర్ అట్టను వాటి పక్కన బోర్లించి పెట్టింది. నేను ఆ నాలుగూ తీసుకొని, ఆమె వద్దనేలోపే అట్ట తిప్పి ఫోనుతో డబ్బు పంపేశాను.

"నోటు లేదా సారూ?" అంది నీరసంగా.

చిన్న వ్యాపారుల గురించి ఒక ఆర్థికవేత్త చేసిన పరిశోధన లైబ్రరీలో చదివి ఉన్నాను. అది చెప్పే అవకాశం దొరికిందనుకున్నాను.

"ఇట్లా బ్యాంకులో పడితే నీ వ్యాపారానికి సాక్ష్యం ఉంటుందక్కా. రేపు లోను కూడా ఇస్తారు."

ఆమె చివరిదాకా వింది.

"గా ఖాతా, ఫోను మా ఆయన తాననే ఉంటయి సారూ. మీ పైసలు గాయన జేబుల మోగినయ్. కండ్లల్ల చుక్కల మందుకని పొద్దటి సంది నోట్లే జమ చేస్తున్న. గీ నాలుగు పండ్లు అమ్మితే సరిపోతుండె."

జేబులన్నీ వెతికాను. ఒక్క నోటూ లేదు. పండ్లు తిరిగి ఇవ్వబోయాను.

"పైసలు పడ్డంక పండ్లెట్ల తీసుకుంట? పోనీ తియ్. చదువుకున్నోళ్లు, మీకేం ఎరుక."

ఎర్రబడ్డ కళ్లు కొంగుతో అద్దుకొని, ఖాళీ గంపలో అట్టను మళ్లీ బోర్లించింది.

ఆ పరిశోధనలో ఫోను ఎవరి జేబులో ఉంటుందో రాశారేమోనని తర్వాత మళ్లీ తిరగేశాను. కనిపించలేదు. ఇప్పుడు నోట్లు లేకుండా ఇల్లు కదలను. అట్ట బోర్లించి ఉంటే ముట్టుకోను.