అమ్మ నోట్లో ఆఖరి జత

మా అమ్మ నోట్లో నమలడానికి పనికొచ్చే పళ్ళు రెండే మిగిలాయి. ఎడమవైపు పైన ఒక దవడ పన్ను, సరిగ్గా దాని కింద ఇంకొకటి. మిగతావి ఏమయ్యాయంటే, సర్కారు ఆసుపత్రిలో పీకేశారు. నొప్పి పుట్టినప్పుడల్లా ఒకటి పీకించుకుని, బుగ్గలో దూది పెట్టుకుని మా ఊరు రాంబిల్లి బస్సెక్కేది. పీకడం ఉచితం. పన్నుని బతికించుకోవాలంటే మాత్రం ప్రైవేటుకి పోవాలి. తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది. మోకాలు నొప్పని వెళ్తే కాలు తీసేసి ఇంటికి పంపరు కదా!

అమ్మ చేపలమ్ముతుంది. పొద్దున్నే గంపతో అనకాపల్లి వస్తుంది. నేను ఇక్కడే బట్టల కొట్లో పనిచేస్తాను కాబట్టి మధ్యాహ్నం ఇద్దరం నా గదిలో కలిసి తింటాం. ఆ మధ్య కవళ్ళ చేపల పులుసు పెట్టుకున్న రోజున అమ్మ కంచంలో చేప వేసుకోలేదు. పులుసు నీళ్ళు పోసుకుని, మెతుకులు పిసికి మింగుతోంది. నోరు తెరిపించి చూద్దును కదా, కింది పన్ను సగానికి విరిగి ఉంది. దాని మొన గీసుకుని బుగ్గ లోపల పుండు పడింది. ఎప్పట్నుంచి అంటే చెప్పదు. ఊరందరికీ చేపలమ్మే మనిషి తను తినడం మానేసి ఎన్నాళ్ళయిందో నాకే తెలియలేదు.

"రేపు ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"ఎల్తే పీకేత్తారే. ఈ రెండైనా ఉండనీ" అంది.

బతిమాలి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మంచిదే, ఓపిగ్గా చూసింది. "కింది పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలుస్తుంది. కానీ ఇక్కడ క్యాప్‌లు వెయ్యరమ్మా. తీసెయ్యమంటే తీసేస్తాను" అంది.

"ఇది పీకేత్తే పైది ఎవులితో కాపరం సేత్తాది తల్లీ?" అని అడిగింది అమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంతలో ఆవిడ పుండు చూసి, చుట్ట తాగుతావా అని అడిగింది. తాగుతుంది, అదీ అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా సముద్రం ఒడ్డున ఆడవాళ్ళకి ఆ అలవాటు ఎప్పట్నుంచో ఉంది. "నిప్పు బయటికెడితే గాలికారిపోద్ది కదా" అని డాక్టరమ్మకే నచ్చజెప్పబోయింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. అది వచ్చాకే పన్ను సంగతి చూద్దామంది.

బయటికొస్తూ, లేనివాళ్ళకి సర్కారిచ్చే ఆరోగ్య కార్డు కౌంటర్ దగ్గర ఆగాను. ఆ కార్డుని నేను తిట్టను. దాని పుణ్యమాని మా బావగారి గుండె ఇంకా కొట్టుకుంటోంది. కానీ పన్ను అనగానే కౌంటర్లో ఆయన అడ్డంగా తలూపాడు.

"పళ్ళకి రాదమ్మా. పరీక్షలో కేన్సరని తేలితే రండి. అప్పుడు మొత్తం కార్డు మీదే అయిపోద్ది."

మంచి మనసుతోనే చెప్పాడు. అందుకే నాకు ఇంకా మండింది. చిన్న క్యాప్‌కి రాని కార్డు దవడ కొయ్యడానికి పరిగెత్తుకుంటూ వస్తుందట! నోరు ఒంట్లో భాగం కాదని రాసినవాళ్ళు అన్నం దేంతో తింటున్నారో. లేనివాళ్ళకి పళ్ళెందుకులే అనుకున్నారా? ఇదంతా గట్టిగానే అడిగేశాను. పాపం ఆయనేం చేస్తాడు, నా వెనకున్న మనిషిని పిలిచాడు.

దారిలో ఒక ప్రైవేటు క్లినిక్ మెట్లు కూడా ఎక్కాం. ఖర్చు వినగానే అమ్మ కుర్చీలోంచి లేచి చెప్పులేసుకుంది. అప్పు చేస్తానంటే నా మీద ఇంతెత్తున లేచింది.

ఫలితం వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. అమ్మ మాత్రం రోజూ వచ్చింది, బేరాలాడింది, ఎప్పటిలాగే నన్ను కసిరింది. చుట్ట మాత్రం ముట్టలేదు. తనకీ భయంగానే ఉందని దాన్నిబట్టి తెలిసింది.

మళ్ళీ వెళ్ళిన రోజున డాక్టరమ్మ కాగితం చూసి, "భయం లేదు, మామూలు పుండే. పన్ను గీసుకోకపోతే అదే మానిపోతుంది" అంది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పెట్టిన చేతులు దించకుండానే అడిగింది.

"అయితే తల్లీ, ఇప్పుడా కార్డు పన్జెయ్యదా?"

"చెయ్యదమ్మా. దీన్ని తీసెయ్యడమే."

అమ్మ నా వైపు తిరిగింది. "నాకొచ్చిన జబ్బు సాల్లేదే" అని, కొంగుతో మూతి తుడుచుకుని, తనంతట తనే నోరు తెరిచింది.