టెస్సా పేరులో తల్లి వాటా

గ్లెనిస్ ఆర్మిటేజ్ పెళ్లి కాకుండానే బిడ్డను కన్నది. యార్క్‌షైర్‌లోని ఆ మిల్లుల ఊరికి 1991లో అదేమీ వింత కాదు. వింతల్లా ఆమె పిల్లకు పెట్టిన ఇంటిపేరే. తన పేరూ, పిల్ల తండ్రి టెరీ మాడెన్ పేరూ కలిపి టెస్సా ఆర్మిటేజ్-మాడెన్ అని పెట్టింది. కన్నది ఇద్దరమైతే ఒక్కరి పేరే ఎందుకుండాలన్నది ఆమె వాదన.

ఊరు ఊరుకుంటుందా? రెండు ఇంటిపేర్లంటే అప్పట్లో ఎస్టేట్లూ, వేటకుక్కలూ ఉన్న దొరల సొత్తు. స్కూలు వంటింట్లో కస్టర్డ్ కలిపే మనిషికి అంత పేరెందుకని పబ్బులో ఒకటే ఎకసెక్కాలు.

"ఏం గ్లెనిస్, కోట ఎక్కడ కొన్నావ్? మమ్మల్ని మెట్ల మీదన్నా కూర్చోనిస్తావా?" అనేవాడు పక్కింటి డెరెక్.

"నీ మొహం చూస్తే కుక్కలు మొరుగుతాయి, వద్దులే," అనేది ఆమె.

పిల్లకు రెండేళ్లు నిండకముందే టెరీ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. అయినా అతని పేరు ఆమె తీసేయలేదు. వాడు పారిపోతే పిల్ల పేరులో సగం కోసెయ్యాలా అనేది. వాడికంత మర్యాద దండగ, కానీ గ్లెనిస్ తీరే అంత.

కాలం మారింది. వీధివీధినా రెండు పేర్ల పిల్లలే. ఫుట్‌బాల్ ఆటగాళ్ల చొక్కాల మీద పేర్లు ఈ భుజం నుంచి ఆ భుజానికి సాగాయి. మంచిదే కదా అనుకుంటే, దొరలకు కొత్త రోగం పట్టుకుంది. తమ ఇంట్లో ఉంటే అది వంశం, సర్కారు అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లలో ఉంటే నాటుతనం. మీకెందుకంత గొప్ప అని నిన్న అన్న నోళ్లే, ఛీ ఎంత చవకబారు అని ఇవాళ అన్నాయి. ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా?

టెస్సాకు పెళ్లి కుదిరింది సరిగ్గా అలాంటి ఇంట్లోనే. పెళ్లికొడుకు పియర్స్ మంచివాడు. అతని తల్లి ఫిలిపా లిస్టర్-క్రాఫ్ట్ సంగతి వేరు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరముంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. మొదటి ఆదివారం గ్లెనిస్ కొత్త టోపీ పెట్టుకుని, కూతురి పక్కన కూర్చుని వింటోంది.

"పియర్స్ లిస్టర్-క్రాఫ్ట్‌కూ, టెస్సా మాడెన్‌కూ జరగబోయే వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే..." అని పాస్టర్ చదివాడు.

"నాకుంది," అని లేచింది గ్లెనిస్.

దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకున్నారు. పాస్టర్ కళ్లజోడు సర్దుకుని, "మీరు పెళ్లికూతురి తల్లి కదమ్మా?" అన్నాడు.

"అవును. నేను కన్నది టెస్సా ఆర్మిటేజ్-మాడెన్‌ని. మీరు చదివిన పిల్లెవరో నాకు తెలీదు."

ముందు వరసలోంచి వియ్యపురాలు తల తిప్పింది. "కూర్చోండి గ్లెనిస్ గారూ. ఈ రోజుల్లో అలాంటి పేర్లు ఎలాంటివాళ్లు పెట్టుకుంటున్నారో మీకూ తెలుసుగా. నలుగురిలో బాగోదని నేనే చెప్పాను."

"మీ పేరు మధ్య గీత బంగారంతో గీశారా? మాది బొగ్గుతో గీసిందా?"

టెస్సా తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, ఆవిడ అడిగితే పేరు అలా ఇచ్చింది నేనే. పెళ్లయ్యాక ఎలాగూ వాళ్ల పేరే కదా అనుకున్నా."

ఫిలిపాతో పోట్లాడే ఓపిక గ్లెనిస్‌కు ఎంతైనా ఉంది. సొంత కూతురు తనను చూసి సిగ్గుపడితే ఎవరితో పోట్లాడాలి?

"సరే తల్లీ," అంది చివరికి. "పెళ్లిరోజున తండ్రి స్థానంలో నిన్ను చెయ్యి పట్టుకుని నడిపించేది నేననుకున్నా. ఇక ఆ మాడెన్‌నే వెతికి తెచ్చుకో."

టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా తలుపు వైపు నడిచింది.

టెస్సా నాలుగడుగులు తల్లి వెనక వేసి ఆగింది. గిరుక్కున తిరిగి పాస్టర్ ముందుకొచ్చి నిలబడింది.

"తప్పు పేరు ఇచ్చాను పాస్టర్ గారూ. మళ్లీ చదవండి, మా అమ్మ పేరుతో సహా. గట్టిగా చదవండి, ఆవిడ ఇంకా బయటికి వెళ్లలేదు."