పాత పీసు తెచ్చారా

ఆటోనగర్‌లో మా మామగారి లారీ స్పేర్ పార్టుల కొట్టుకి ఎవరు వెళ్లినా ముందు వినిపించే మాట ఒకటే: "పాత పీసు తెచ్చారా?" తేలేదంటే ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. వచ్చినవాళ్లు బండి పేరూ మోడలూ ఎంత ఏకరువు పెట్టినా, వెళ్లి పాతది ఊడదీసి పట్టుకురమ్మనేవారు. పాతదాన్నీ కొత్తదాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పళ్లూ బెజ్జాలూ సరిచూసుకుని అప్పుడు ఇచ్చేవారు. వెనక గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎర్రరంగు బోర్డు ఉండేది.

అంతటి మనిషి పాత పీసు లేకుండా ఒక వస్తువు కొనుక్కొచ్చారు. అదీ నా ల్యాప్‌టాప్‌కి.

ఆ ల్యాప్‌టాప్ మా ఆయన ఆఫీసువాళ్లు వాడి వదిలేస్తే నా చేతికొచ్చినది. దాన్ని అసలు వాడుకున్నది మా అత్తగారు. ఆవిడ ఇంట్లోనే పిల్లలకి కూచిపూడి నేర్పేవారు. ఆ ఏడు తన పిల్లల చేత కూచిపూడి ఊళ్లోనే ప్రదర్శన ఇప్పించే అవకాశం వచ్చింది. పాటకీ మృదంగానికీ మనుషుల్ని అంత దూరం తీసుకెళ్లడం కుదరక, ఒక మధ్యాహ్నం వాళ్లని ఇంటికి పిలిచి, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పాటలన్నీ ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేశాం. పాడినావిడ మర్నాడే ఊరెళ్లిపోయారు. మళ్లీ పిలిస్తే వచ్చే వీల్లేదు. ఆ పాటలు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు.

ప్రదర్శన వారంలోకి వచ్చేసరికి ఆ డబ్బా లోపల టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పాట మధ్యలో ఆగిపోయేది. పాటలు ఇంకోచోట దాచుకుందామన్నా వీలు లేనంత నత్తనడక. హార్డ్‌డిస్కు నిండిపోయింది, పైగా ముసలిదైపోయింది, కొత్తది వెయ్యాలన్నారు తెలిసినవాళ్లు. మా ఆయన విశాఖలో క్యాంపులో ఉన్నారు. అత్తగారికి అన్నం సహించడం మానేసింది.

మామగారికీ నాట్యానికీ ఆమడ దూరం. కార్యక్రమం ఎక్కడున్నా కారులో దింపేవారు, అయ్యేదాకా బయట టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లతో కబుర్లు చెప్పేవారు, మళ్లీ ఎక్కించుకొచ్చేవారు. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన ఒక్క ఐటమైనా పూర్తిగా చూసిన పాపాన పోలేదే అమ్మాయ్" అని అత్తగారు కాఫీ కలిపినప్పుడల్లా నాతో అనేవారు. ఆ బాధ పైకి నవ్వుతూ చెప్పేవారు గానీ బాధే.

అలాంటి మామగారు ఆవిడ అన్నం మానేయడం చూసి రంగంలోకి దిగారు. పిల్లలు సాధనలో ఉన్నారు కాబట్టి పాత డిస్కు ఊడదీసి పట్టుకెళ్లే వీల్లేదు. ఆయన ల్యాప్‌టాప్ బోర్లించి, అడుగున మూత తీసి, అట్టముక్క పరిచి, ఇంజన్ గ్యాస్కెట్‌కి అచ్చు తీసినట్టు అంచుల వెంట గోటితో నొక్కి డిస్కు కూర్చునే గూడు కొలత తీశారు. మందం వెర్నియర్ కొలబద్ద పెట్టి చూసుకున్నారు. ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్లి, సాయంత్రానికి పాతదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పట్టే డిస్కు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టారు. చీర తెచ్చినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు.

పాతది తీసి కొత్తది పెట్టారు. గూట్లో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. కానీ లోపలికి తోస్తే అతుక్కోదే. బయటికి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదానికి కొసన రెండు వరసల్లో సన్నని సూదులున్నాయి. కొత్తదానికి సూదులే లేవు, బ్లేడులాంటి పలకలు రెండున్నాయి.

మామగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆకురాయి తీసుకొస్తారేమోనని నాకు భయం వేసింది. చివరికి ఆయనే, "పాత పీసు పట్టుకెళ్లాల్సింది" అన్నారు, తన కొట్టుకి వచ్చిన బేరగాడిని మందలించినంత కోపంగా.

మర్నాడు పొద్దున్నే పాత డిస్కునీ ముందురోజు కొన్నదాన్నీ మెత్తటి బనీను గుడ్డలో చుట్టుకుని ఆయనా, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేనూ షాపుకి వెళ్లాం. షాపాయన రెండూ చూసి ఓపికగా చెప్పాడు. కొలత ఒకటే గానీ తగిలించే తీరు వేరట. సూదులున్న పాతరకాన్ని ఐడీఈ అంటారట, పలకలున్నది సాటా అట. కొనేముందు చూసుకోవలసింది అదేనట. మధ్యలో జాయింటు ముక్క వేస్తే పోదా అని మామగారు అడిగారు. ఉంది గానీ ల్యాప్‌టాప్ గూట్లో దానికి చోటెక్కడిదండీ అన్నాడాయన. ఇలాంటివి రావడం తగ్గిపోయిందంటూ అటకంతా గాలించి ఒక ఐడీఈ డిస్కు తీశాడు. ముందురోజు కొన్నదానికంటే తక్కువ పట్టేదే, అయినా సరిపోతుంది. మామగారు దాన్నీ పాతదాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి సూదులు సరిచూశాక గానీ పుచ్చుకోలేదు.

షాపాయన రెండు డిస్కుల్నీ తన కంప్యూటరుకి తగిలించి కాపీ మొదలుపెట్టాడు. పాతది మధ్యలో టకటకలాడినప్పుడల్లా స్క్రీను మీద అంకె కదులుతోందో లేదో చూసుకునేదాన్ని. మామగారు దాని మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. మొత్తానికి పాటలన్నీ వచ్చేశాయి, ఐడీఈ డిస్కు ల్యాప్‌టాప్‌లో చక్కగా అతుక్కుంది. నాకు ఆనందం పట్టలేక షాపాయనకి రెండుసార్లు థ్యాంక్స్ చెప్పాను. తప్పు డిస్కు వాపసు అడుగుతారేమోనని మామగారి వైపు చూశాను. ఆయన గోడ మీద బోర్డు చదువుతున్నారు, అచ్చం ఆయన కొట్టులో ఉన్న బోర్డే. మారుమాట లేకుండా డిస్కుని జేబులో వేసుకున్నారు.

కూచిపూడిలో ఆ సాయంత్రం ఆయన టీ కొట్టు వైపు వెళ్లలేదు. వేదిక పక్కన ల్యాప్‌టాప్ ముందు కుర్చీ వేసుకుని, మళ్లీ కొట్టుకుంటుందేమోనని దాని మీద అరచెయ్యి ఆనించి, మొదటి పాట నుంచి మంగళం దాకా కదలకుండా కూర్చున్నారు. పాట ఒక్కచోట కూడా ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో, ఉయ్యూరు దాటాక మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ మూడో ఐటమ్‌లో ఎడం పక్క చివరి పిల్ల రెండుచోట్ల ఒక దెబ్బ వెనకబడింది. టైమింగ్ చూడాలి."

తన పిల్లల్ని పల్లెత్తు మాటన్నా ఊరుకునే మనిషి కాదు మా అత్తగారు. ఇప్పుడు మొదలవుతుందని నేను వెనక సీట్లో సర్దుకు కూర్చున్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి పమిట కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"అయితే చూశారన్నమాట" అన్నారు.