నా నవలలో నాట్లు

మా కింది పోర్షన్‌లో ఉండే నవ్య ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్నకు నాచారంలో మందుల కంపెనీలో పని. దసరా సెలవుల్లో నా బీరువాలోంచి ఆరు పుస్తకాలు తీసుకెళ్ళి, ఈ సాయంత్రం తిరిగి తెచ్చింది. నచ్చినవి నాలుగు ఒక పక్కన, నచ్చనివి రెండు ఇంకో పక్కన బల్ల మీద పెట్టింది. నచ్చనివాటిలో పైన ఉన్నది నా నవల.

"ఏమైందమ్మా దానికి?" అన్నాను.

"మొదలు మంచిగనే ఉంది అంకుల్. ఊరి నుంచి వచ్చిన మా నాయనమ్మకు చదివి వినిపించిన. నాటేస్తున్న ఎల్లమ్మ, ఎదురుంగున్న గట్టు దగ్గరైతుంటె చూసి ఖుషీ అయిందని రాసిన్రు కదా. మా నాయనమ్మ ఒకటే నవ్వుడు. నాటేసెటోళ్ళు ఎనకకు నడుస్తరంట. ముందుకు నడిస్తె ఏసిన నాటంతా తొక్కుడేనంట. ఇగ ఆడ్నుంచి మీరేం రాసినా నమ్మబుద్ధి కాలె."

చిన్నప్పుడు మా అమ్మ నాట్లు వేస్తుంటే నారు కట్టలు అందించినవాణ్ణి నేను. ఆ నవల రెండుసార్లు అచ్చయింది. పల్లెను ఉన్నదున్నట్టు రాశానని ఉప్పల్‌లో సభ పెట్టి శాలువా కూడా కప్పారు. రేపు మూడోసారి అచ్చుకు వెళ్ళాలి. ఇందాకే ప్రెస్‌కు ఫోన్ చేసి ఆపమన్నాను.

నాట్లు వేసినవాళ్ళెవరూ ఇన్నేళ్ళలో నా పుస్తకం చదవలేదా, లేక చదివి పోనీలే అని ఊరుకున్నారా? ఏదైనా సరే, కింద కామెంట్లలో రాయండి.