సబ్బుల జాతకాలు

మా ముత్తాత రంగయ్య శెట్టిగారు రేవులో దొరలకు దుబాసీ. తాత నరసయ్య శెట్టిగారు వచ్చి కూర్చోనిదే వాషర్‌మెన్‌పేట్‌లో ఏ పంచాయితీ మొదలయ్యేది కాదు. నా చిన్నతనానికి అప్పులే మిగిలిన ఆ ఇంట్లో అమ్మ కొబ్బరినూనె, కాస్టిక్ సోడాతో సబ్బులు చేసి అమ్మేది. వీధిలో పెట్టి కాదు, మా గడప దాటి వచ్చి అడిగినవారికే. మొన్న కోడలు తెచ్చిన సబ్బు మీద తయారైన తేదీ చూడగానే అదంతా గుర్తుకొచ్చింది.

పోసిన ప్రతి పళ్లేనికీ అమ్మ ఒక చీటీ అంటించేది. నూనె ఎంత, సోడా ఎంత, ఏ తిథినాడు, ఎన్ని గంటలకు పోసిందీ అందులో రాసేది. బాగా కుదిరినదాన్ని మళ్లీ అట్లాగే చేయడానికని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం అవి సబ్బుల జాతకాలని నమ్మాను. నెల నిండేదాకా అమ్మ వాటిని బాలింత బిడ్డల్లా గది దాటనిచ్చేది కాదు మరి.

ఒకనాడు మేనత్త వచ్చింది. కూతురి పెండ్లికి, మగపెండ్లివారి విడిదిలో పెట్టడానికి సబ్బులు కావాలంది. అమ్మకు అంత పెద్ద బేరం అదే మొదలు. అత్త మాత్రం ముందురోజు పోసిన గంధం రంగు పళ్లెమే కావాలని పట్టుబట్టింది. పచ్చి సబ్బు ఒళ్లు మండిస్తుంది. ఆడబిడ్డకు కాదని చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు.

"వద్దత్తా! దానికింకా పురుడన్నా తీరలా," అన్నాను.

"ఏందే నువ్వనేది?"

"చీటీ చూడు. నిన్ననే పుట్టింది."

అత్త చీటీ చదివి పగలబడి నవ్వింది. "సరి సరి. పసిగుడ్డును వియ్యపురాలి చేతికెట్ల ఇచ్చేది? నెల నిండినవే ఈడికి తీసకరామ్మా," అంది అమ్మతో.

పెండ్లివారంతా మా సబ్బులతోనే స్నానాలు చేశారు. ఆ యేడు మేము అమ్మినవి సబ్బులే. ఇల్లు మరుసటి యేడు అమ్మాము.