సరంగు కూతురి దొప్ప పడవ

మా ఊరి పక్కనుంచే కాలవ పోయేది. దాన్ని తవ్విన రోజుల గురించి మా తాతయ్య కథలుకథలుగా చెప్పేవాడు గానీ, నాకు ఊహ తెలిసేసరికి ఆ కాలవా, అందులో ధాన్యం బస్తాలతో పోయే పడవలూ ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపించేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికి వేసుకుని లాగేవారు.

మార్గశిరం వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళెవరూ పగలు కనపడేవారు కాదు. కోతలు, ఆ వెంటనే నూర్పిళ్ళు. అమ్మా, పిన్నీ, వీధిలో వాళ్ళూ అందరూ చేలల్లోనే. వాళ్ళ చంటిపిల్లలంతా మా అత్త దగ్గర. అత్త అంటే నాన్నకి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి, పిల్లాపీచూ లేక మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే మంచు ఇంకా విడవకముందే తల్లులు పిల్లల్ని తెచ్చి మా వాకిట్లో దింపేసి పోయేవారు. అందరూ రెండేళ్ళ వాళ్ళు, మూడేళ్ళ వాళ్ళు. నేనొక్కదాన్నే పెద్దదాన్ని. నాకు ఏడేళ్ళు.

"ఊరికే కూర్చోబెడితే ఏడుస్తారే. చేతికేదో ఒకటి ఇవ్వాలి" అనేది అత్త.

ఆవుపేడలో కాస్త ఊక కలిపి ఒక్కొక్కరి ముందూ ముద్ద పెట్టేది. భోగిమంటలో వేసే పిడకలు చెయ్యాలి. ఆముదపాకు మీద ముద్ద పెట్టి అరచేత్తో తట్టి, నడిమధ్య వేలితో గుచ్చితే చిల్లు పడుతుంది. ఆరాక తాడుకి గుచ్చితే దండ. అంతే పని. అయినా ఆ బుల్లి వేళ్ళకి అదే మహా పని. ఒకడి పిడక అప్పచ్చిలా గుండ్రంగా వచ్చేది, ఇంకొకడిది చెవిలా వంకరపోయేది. అత్త దేన్నీ సరిచేసేది కాదు. "ఓహో, ఎంత బాగుందో!" అని అన్నిటినీ ఎండ తగిలే చోట వరసగా పెట్టేది. పిల్లలకి విసుగొస్తే కొబ్బరాకు చుట్టి బూర చేసిచ్చేది. ఇక వాకిలంతా పీపీ మోతే.

ఆ ఏడు ఒకరోజు పడవ నడిపే సరంగు ఒకాయన మూడేళ్ళ పిల్లని ఎత్తుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిల్ల దగ్గుతోంది.

"అమ్మగారండీ, మా ఇంటిది యానాం అవతల పుట్టింట్లో ఉందండి, పురిటికెళ్ళి. బిడ్డ పుట్టిందని కబురొచ్చింది. దీన్ని పడవ మీద తిప్పుదామంటే మంచుకి దగ్గు తగ్గట్లేదండి. నేను కాకినాడ వెళ్ళి ధాన్యం దింపి, మా ఇంటిదాన్ని కూడా తీసుకొచ్చేస్తానండి. అందాకా..."

"అందాకా ఏంటయ్యా, దింపు. ఇంతమందిలో ఒకత్తి బరువవుతుందా?" అంది అత్త.

తండ్రి వెళ్ళిపోయినా ఆ పిల్ల ఏడవలేదు. అదే మాకు వింతగా తోచింది. కాలవ కనపడే అరుగు చివరికి పోయి, అటు తిరిగి కూర్చుంది. పిడకల దగ్గరికి పిలిస్తే రాలేదు. బూర ఇస్తే పక్కన పెట్టేసింది. అత్త మిరియాల కషాయంలో బెల్లం వేసి తాగిస్తే తాగింది, అన్నం మాత్రం రెండు ముద్దలు మించి తినలేదు.

"నీకేం కావాలమ్మలూ?" అని అత్త ఎన్నిసార్లడిగినా కాలవ వైపే చూసేది.

కొన్నాళ్ళకి, పెరట్లో గెల కొట్టేసిన అరటిచెట్టుని అత్త నరికి దొప్పలు ఒలుస్తోంది. ఆ పిల్ల తనంతట తాను లేచి వచ్చి ఒక దొప్ప లాక్కుంది. దాన్ని నేల మీద తోస్తూ "హైలెస్సా" అంది. తండ్రి పడవ మీద విన్న మాట కాబోలు. మేం దాని నోట విన్న మొదటి మాట అదే.

అత్త చేతిలో కత్తి కింద పెట్టేసి దాని పక్కన చతికిలబడింది. "పడవేనా? అయితే తెరచాప ఏదీ?"

పిల్ల ఆలోచించి నా వైపు చూసింది. నేను పరిగెత్తి చీపురుపుల్ల తెచ్చాను. అత్త దొప్పలో గుచ్చి చూపించి, మళ్ళీ పీకేసి దాని చేతికే ఇచ్చింది. పిల్ల నాలిక బయటపెట్టి, పుల్ల రెండుసార్లు విరిచి, చివరికి గుచ్చింది. పుల్లకి బాదం ఆకు. సరుకుగా బంతిపూలు. పశువుల కుడితి తొట్టి కడిగించి నీళ్ళు పోయించింది అత్త. పడవ పక్కకి ఒరిగి పూలన్నీ నీళ్ళలో పడ్డాయి. పిల్లలంతా గొల్లున నవ్వారు, వాళ్ళతోపాటు అదీ నవ్వింది. ఆ మధ్యాహ్నం అరటిచెట్టు మొత్తం పడవలైపోయింది. ఆ పూట ఆ పిల్ల కంచం ఖాళీ చేసింది.

ఆ మర్నాటినుంచీ పిడకల దగ్గరికీ వచ్చింది. దాని పిడకలు మాత్రం గుండ్రంగా ఉండేవి కావు. రెండు కొసలూ మొనదేలి ఉండేవి. "ఇదీ పడవేనా?" అంటే గర్వంగా తలూపేది.

పుష్యమాసం వచ్చాక ఒక సాయంత్రం సరంగు పడవ మా రేవులో ఆగింది. అతని వెనకాల భార్య, ఆమె చేతుల్లో పాత చీరలో చుట్టిన చంటిబిడ్డ. తల్లి వాకిట్లోకి అడుగు పెడుతూనే "నా తల్లీ!" అని చేతులు చాచింది. పిల్ల వెళ్ళి అత్త చీరకుచ్చెళ్ళ వెనక దాక్కుంది. తల్లి కళ్ళనిండా నీళ్ళు.

"కోపమమ్మా దానికి. ఉండనీ" అంది అత్త మెల్లగా. తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఎవరూ పిల్లని పిలవలేదు.

చాలాసేపటికి అది బయటికొచ్చి, ఆరబెట్టిన పిడకల వరసలో వెతికి వెతికి ఒకటి తీసింది. నడుచుకుంటూ పోయి చంటిదాని గుప్పిట విప్పి అందులో పెట్టబోయింది. గుప్పిట్లో పట్టలేదు. పిడక తల్లి ఒళ్ళో పడింది.

"ఏంటే ఇది?" అంది తల్లి.

"పడవ. చెల్లికి" అంది పిల్ల. అని, పిడకని పక్కకి నెట్టి, ఒళ్ళో మిగిలిన చోట తనూ ఎక్కి కూర్చుంది.

సరంగు మొహం తిప్పుకుని తలపాగా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. అత్త "చీకటి పడుతోంది, అందరూ ఇక్కడే ఎంగిలిపడండి" అంటూ పొయ్యి రాజెయ్యడానికి లోపలికి నడిచింది. ఆ పూట అత్త వంట చేస్తూ కూనిరాగం తియ్యడం నేను మొదటిసారి విన్నాను.