పద్నాలుగో గడి

ఇటలీ సరిహద్దు పక్కనున్న సెజానా ఊరి సంతలో దర్జీ మిలోయ్కా నిలిపి ఉంచిన కారును, వెనక్కి వస్తున్న ఇటలీ కారొకటి గుద్ది తలుపు సొట్టపెట్టింది. ఆ కారాయన ఇటాలియన్‌లో ఉన్న ప్రమాద పత్రం తానే నింపేసి, "సంతకం పెట్టమ్మా, ఆలస్యమవుతోంది," అన్నాడు.

ఇద్దరూ సంతకం చేశాక అందులో ఉన్నదాన్ని బట్టే బీమా డబ్బు వస్తుంది. మిలోయ్కాకు ఇటాలియన్ చదవడం రాదు. ఏ భాష పత్రమైనా గడుల నంబర్లు మాత్రం ఒకటే. అందుకని తన కారులోంచి తన భాష స్లొవీన్‌లో ఉన్న అదే పత్రం తెచ్చి, పక్కన పెట్టుకుని పోల్చింది.

"పద్నాలుగో గడి ఖాళీగా ఉందేం నాయనా? వెనక్కి వచ్చింది నువ్వేగా?"

"మర్చిపోయానమ్మా."

"ఇంత సొట్ట ఎదురుగా పెట్టుకుని మర్చిపోయావా? టిక్కు పెట్టు. అందాకా నా సంతకమూ లేదు, నీకు దారీ లేదు."

కూరల సంచి అతని కారు ముందు దించి నిలబడింది. అతను టిక్కు పెట్టాడు. పత్రంలో అతను గీసిన ప్రమాదం బొమ్మలో, అతని కారు ఎటు కదిలిందో చూపే బాణం కూడా దిద్దించాకే ఆమె కలం అందుకుంది.